‘నానా’ అన్న రెండక్షరాలు

(సంక్రాంతి వెళ్లిన వారంలో ఒంగోలులో జరిగిన మాజీ సైనికుల సమావేశంలో, సైన్యపు వైద్య విభాగంలో గుమాస్తాగా పనిచేసి సుబేదారుగా విశ్రమించిన ఒక పెద్ద వైకల్య పింఛను మీద చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎక్కించాము.)

పెద్దలకు, సోదరులకు, మీతో పాటు శ్రమపడి వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. మాజీ సైనికుల దినం జనవరి 14న వస్తుంది. 1953లో జనరల్ కరియప్ప పదవీ విరమణ చేసిన రోజు అది. కానీ ఆ రోజున మన జిల్లాలో ఎవరు కుర్చీలో కూర్చుని ఉపన్యాసం వింటారు చెప్పండి? ఇంటి నిండా చుట్టాలు, వాకిట్లో ముగ్గులు, అరిసెల వాసన. అందుకే నిర్వాహకులు పండుగ వెళ్లాక ఈ సభ పెట్టారు. మంచి పని చేశారు. సెలవు మీద వచ్చిన పిల్లలు కూడా ఇంకా తిరుగు రైలు ఎక్కలేదు. వెనక వరుసలో ఆరేడుగురు కనిపిస్తున్నారు. నాయనా, మీరు ఫోన్లు పక్కన పెట్టండి. నేను చెప్పబోయేదాంట్లో కొంత మీ కోసమే.

నాది ఉదయగిరి వైపు ఒక పల్లె. సైన్యంలో నేను తుపాకీ పట్టింది తక్కువ, టైపు మిషను ముందు కూర్చున్నది ఎక్కువ. పదకొండేళ్ల పాటు నా పని, సైనికుణ్ని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టర్ల బృందానికి, అంటే మెడికల్ బోర్డుకు, కాగితాలు తయారు చేయడం. మీరు బల్లకు అవతల బనీనుతో నిలబడి ఉంటే, ఇవతల కూర్చుని మీ నంబరు, మీ పేరు, మీ జబ్బు పేరు టైపు చేసినవాణ్ని నేను. కాబట్టి ఇవాళ నేను మాట్లాడేది చట్టం చదువుకున్న వకీలు మాట కాదు, ఆ కాగితం ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూసిన గుమాస్తా మాట అని తీసుకోండి.

ఆ కాగితం పేరు ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16. డిశ్చార్జికి, అంటే సైన్యం నుంచి విడుదలకు, ముందు జరిగే రిలీజ్ మెడికల్ బోర్డు తన అభిప్రాయాన్ని అందులోనే రాస్తుంది. దాంట్లో చాలా గళ్లున్నాయి గానీ మన బతుకును తేల్చేవి నాలుగే. ఈ జబ్బు సర్వీసు వల్ల పుట్టిందా? అలా పుట్టకపోయినా, సర్వీసు వల్ల ముదిరిందా? రెండూ కాదంటే, కాదనడానికి కారణమేమిటి? వైకల్యం ఎంత శాతం? మొదటి రెండు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి ‘అవును’ అని వచ్చి, శాతం ఇరవైకి తగ్గకుండా ఉంటే వైకల్య పింఛను వస్తుంది. రెండూ ‘అవును’ కానవసరం లేదు, ఒకటి చాలు. ఈ మాట మళ్లీ చెబుతున్నాను, ఒకటి చాలు. పుట్టకపోయినా ముదిరితే చాలు.

రెంటికీ ‘కాదు’ అని పడితే దాన్ని బోర్డు భాషలో ‘నానా’ అంటారు. నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి చేసిన పేరు అది. సర్వీసు వల్ల పుట్టనూ లేదు, ముదరనూ లేదు అని దాని అర్థం. మన భాషలో నానా తంటాలు అనే మాట ఎప్పటి నుంచో ఉంది గదా, ఆ తంటాలన్నీ సైనికుడికి ఈ రెండక్షరాల దగ్గరే మొదలవుతాయని అప్పట్లో మేము ఆఫీసులో నవ్వుకునేవాళ్లం. ఇవాళ నా ఈడువాళ్లు కాగితాలు పట్టుకుని నా ఇంటికి వస్తుంటే ఆ నవ్వు రావడం లేదు.

ఇక మూడో గడి, కారణం రాయవలసిన గడి. నా ప్రసంగమంతా ఆ ఒక్క గడి గురించే. అక్కడ ఏమి రాసేవారో తెలుసా? శరీర తత్వాన్ని బట్టి వచ్చినది. జీవనశైలి వల్ల వచ్చినది. శాంతి ప్రాంతంలో మొదలైనది, సర్వీసుతో సంబంధం లేదు. ఈ మూడు వాక్యాలనూ నేను ఎన్ని వందల సార్లు టైపు చేశానో లెక్క లేదు; కళ్లు మూసుకున్నా వేళ్లు కొట్టేవి. డాక్టర్లను తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. వాళ్లలో దేవుళ్లలాంటి వాళ్లను చూశాను. కానీ ఒక పూటలో ముప్పై మంది కాగితాలు తేల్చవలసి వచ్చినప్పుడు ఎంతటి మంచివాడి కలమైనా అలవాటైన దారినే పోతుంది.

నిబంధన ఏమంటుందో ఇప్పుడు వినండి. సాయుధ దళాల వైద్య సేవలకు 1983 నాటి నిబంధనావళి ఒకటి ఉంది. అందులో 423వ పేరా గుర్తు పెట్టుకోండి, కాగితం ఉంటే రాసుకోండి. వైకల్యానికి దారితీసిన కారణం యుద్ధ ప్రాంతంలో ఏర్పడిందా, మామూలు శాంతి కాలపు పరిస్థితుల్లో ఏర్పడిందా అన్నది లెక్కలోకి రాదని అందులో స్పష్టంగా ఉంది. చేరేటప్పుడు జరిగిన వైద్య పరీక్షలో ఒక జబ్బు ఉన్నట్టు రాయకపోతే, తర్వాత డిశ్చార్జికి దారితీసిన ఆ జబ్బు సర్వీసులోనే వచ్చిందని మామూలుగా భావించాలని కూడా అందులోనే ఉంది. అలా భావించకూడదంటే, చేరేనాటి పరీక్షలో ఆ జబ్బు బయటపడే వీలు లేదని వైద్యులు చెప్పాలి. చెప్పి, ఎందుకు లేదో కారణం రాయాలి.

ఈ నిబంధన పుస్తకంలో పడుకుని ఉంటే, దాన్ని లేపి కూర్చోబెట్టినవాడు ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి. 1985లో సైన్యపు సమాచార విభాగమైన సిగ్నల్స్‌లో చేరాడు. మూర్ఛ వచ్చింది, ఇరవై శాతం వైకల్యమని తేల్చి 1994లో ఇంటికి పంపారు. తొమ్మిదేళ్లే సర్వీసు. సిపాయికి మామూలు పింఛను రావాలంటే పదిహేనేళ్లు నిండాలని మీకు తెలుసు. అంటే వైకల్య పింఛను లేకపోతే అతనికి వచ్చేది సున్న. వైకల్యంతో పంపేస్తే ఇన్నేళ్లు నిండాలన్న షరతు లేకుండానే చేసిన సర్వీసుకు ఇచ్చే సర్వీసు భాగం, దాని మీద వైకల్యానికి ఇచ్చే వైకల్య భాగం రెండూ వస్తాయి. బోర్డు మాత్రం శరీర తత్వమని రాసింది. హైకోర్టులో ఒక న్యాయమూర్తి అతనికి అనుకూలంగా తీర్పిస్తే, ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. చివరికి 2013 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. కాబట్టి అది సర్వీసు వల్లనే వచ్చిందని అనుకోవాలి. కాదంటే రుజువు చేసే భారం సైన్యానిది, సిపాయిది కాదు. అనుమానం ఉంటే ఆ లాభం సిపాయికే చెందాలి. బోర్డు కారణం చెప్పకుండా కాదంటే ఆ మాట నిలవదు. ఇంటికి పంపిన నాటి నుంచి ఈ తీర్పు దాకా పంతొమ్మిదేళ్లు. ఆ పంతొమ్మిదేళ్లు అతను ఏమి తిని బతికాడన్నది ఏ తీర్పులోనూ ఉండదు.

మొన్న 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఒక సుబేదారు మధుమేహం కేసులో ఇదే దారిలో ఇంకో అడుగు వేసింది. శాంతి ప్రాంతంలో మొదలైంది, జీవనశైలి జబ్బు అని ఊరికే అంటే చాలదు, సర్వీసు కారణం కాదంటే మరి ఏది కారణమో బోర్డు చూపించాలని చెప్పింది.

అలాగని అడిగినవాడికల్లా వస్తుందని నేను చెప్పడం లేదు, అలా చెప్పేవాళ్లను నమ్మవద్దు. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో మానసిక వ్యాధి వచ్చిన సైనికుడికి సుప్రీంకోర్టు పింఛను ఇవ్వలేదు. అటువంటి జబ్బు చేరేనాటి పరీక్షలో బయటపడకపోవచ్చన్న మాటను కోర్టు ఒప్పుకుంది, బోర్డు అభిప్రాయానికే విలువ ఇచ్చింది. సెలవులో ఊళ్లో సొంత పని మీద స్కూటరు మీద పోతూ పడిన జుఝార్ సింగ్‌కు 2011లో ఇవ్వలేదు. దెబ్బకూ డ్యూటీకీ సంబంధం చూపించాలన్నారు. చూశారా, ఓడిన కేసులోనైనా గెలిచిన కేసులోనైనా అడిగేది ఒకటే, కారణం.

ఇప్పుడు మన ప్రాంతపు సంగతి ఒకటి చెబుతాను, ఎందుకంటే బోర్డు రాయని కారణాన్ని మనమే కొన్నిసార్లు రాసి ఇస్తున్నాం. కనిగిరి వైపు నుంచి, నాయక్ హోదాలో పనిచేసిన ఒకతను నా దగ్గరికి వచ్చాడు. సైన్యపు ఇంజనీర్ల విభాగంలో పదహారేళ్లు చేశాడు, అందులో రెండు దఫాలు లద్దాఖ్ వైపు కొండల్లో బరువులు మోశాడు. మోకాళ్లు అరిగిపోయాయి, కింద కూర్చుంటే లేవలేడు. బోర్డు నలభై శాతం వేసి నానా కొట్టింది. ‘అప్పీలు ఎందుకు వేయలేదయ్యా’ అని అడిగాను. ఏమన్నాడో తెలుసా? ‘మా ఊరి నీళ్లు అట్టాంటివి గదా సార్. మా నాయనకీ మోకాళ్లు వంగవు, మా పెదనాయనకీ వంగవు. మిలిటరీని అనేదేముంది?’

కనిగిరి నీళ్లలో ఫ్లోరైడు ఉన్న మాట నిజమే. ఆ ఊళ్లలో నడుములు వంగిపోయిన పెద్దలను మనమంతా చూసినవాళ్లమే. కానీ నేను అతన్ని మూడు ప్రశ్నలు అడిగాను. భర్తీ నాడు మైలు పరుగు పెట్టావా లేదా? పెట్టాను, మొదటి గుంపులో వచ్చాను అన్నాడు. ఆ రోజు డాక్టరు నీ మోకాళ్లు తట్టి చూసి ఫిట్ అని రాశాడా లేదా? రాశాడు. పోనీ, నీ బోర్డు కాగితంలో ఫ్లోరైడు అన్న మాట ఎక్కడన్నా ఉందా? లేదు. మరి ఏ డాక్టరూ రాయని మాటను నీ మీద నువ్వే ఎందుకు రాసుకుంటున్నావు? అతను చాలాసేపు మాట్లాడలేదు. ఒకవేళ నీళ్ల వల్ల కొంత దోషం ముందే ఉందనుకున్నా, లద్దాఖ్ బరువులు దాన్ని ముదిరించలేదా? ముదిరితే చాలని ఇందాక చెప్పుకున్నాం గదా. ఆయన కేసు ఇప్పుడు సైనికుల కేసులు వినే ట్రిబ్యునల్‌లో వాయిదాల మీద ఉంది. గెలిచాడని చెప్పి మీ చేత చప్పట్లు కొట్టించను; ఏమవుతుందో చూడాలి.

ఇంకొకటి, కొంచెం నవ్వు వచ్చే సంగతి. గుండె జబ్బు బోర్డుల్లో పొగ తాగుతావా అని అడుగుతారు. నేను పనిచేసే రోజుల్లో మన కొండపి వైపు కుర్రాడొకడు వచ్చాడు. డాక్టరు హిందీలో ‘తంబాకూ?’ అని అడిగాడు. వాడు గర్వంగా, ‘ఉంది సార్, నాలుగెకరాలు’ అన్నాడు. డాక్టరు తల దించుకుని పొగాకు అలవాటు ఉంది అని రాసేశాడు. జన్మలో చుట్ట ముట్టనివాడు! నేను తెలుగువాణ్ని గనక పట్టుకోగలిగాను, చెప్పి దిద్దించాను. నేను లేని బోర్డుల్లో ఎన్ని నాలుగెకరాలు అలవాట్లుగా ఎక్కాయో ఎవరికి తెలుసు? అందుకే ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు చదవండి. ఇంగ్లీషు రాకపోతే చదివి చెప్పమని అడగండి. డిశ్చార్జి ఆత్రంలో, రైలు టికెట్టు జేబులో పెట్టుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులు ఎత్తనక్కరలేదు, నాకు తెలుసు.

డబ్బు లెక్క త్వరగా చెబుతాను. నూటికి నూరు శాతం వైకల్యానికి వైకల్య భాగం చివరి వేతనంలో 30 శాతం. చివరి వేతనం 45,000 రూపాయలనుకోండి, నూరు శాతానికి 13,500. మీకు 30 శాతం వేస్తే 4,050 రావాలి. కానీ శాతాన్ని పైకి సవరించే పద్ధతి ఒకటి ఉంది: యాభైకి లోపు ఉంటే యాభైగా, యాభై నుంచి డెబ్బై ఐదు దాకా డెబ్బై ఐదుగా, ఆ పైన నూరుగా లెక్క కడతారు. అప్పుడు అదే మనిషికి 6,750 వస్తుంది, దాని మీద కరువు భత్యం. ఈ సవరణ 1996 నుంచి ఉన్నా, జబ్బు వల్ల మధ్యలో పంపేసినవారికే అని ప్రభుత్వం అనేది. కాలం పూర్తి చేసుకుని వచ్చినవారికీ ఇవ్వాలని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ పెన్షన్ ఉత్తర్వులో ఇంకా 30 అనో 40 అనో ఉంటే, సవరణ జరగలేదని అర్థం. రక్షణ శాఖ పింఛన్ల వెబ్‌సైటు ‘స్పర్శ్’లో తెరిచి చూసుకోండి, చేతకాకపోతే పిల్లల చేత చూపించుకోండి.

ఒక హెచ్చరిక. నేను ఇప్పటిదాకా చెప్పినది ప్రధానంగా పాత నిబంధనల సంగతి. 2023 సెప్టెంబరు 21 నుంచి బయటికి వచ్చేవారికి కొత్త నిబంధనలు వచ్చాయి. కాలం పూర్తి చేసి వచ్చేవారికి ఇచ్చేదాన్ని ఇప్పుడు ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అంటున్నారు. వెనక వరుసలోని పిల్లలు బయటికి వచ్చేది ఆ నిబంధనల కిందనే. మా తరం అన్నల మాటలు విని అంతా అలాగే ఉంటుందనుకోవద్దు, కొత్త పాఠం తెప్పించుకుని చదవండి.

మీకే ఇంకో మాట. సర్వీసులో ఉండగా జబ్బును దాచడం మనవాళ్లలో పెద్ద రోగం. బీపీ బయటపడితే ఆరోగ్యం తక్కువ అని వేసే లో మెడికల్ కేటగిరీలో పడతాం, ప్రమోషన్ ఆగుతుంది, పొడిగింపు రాదు అని భయం. ఆ భయం ఉత్తది కాదు, నాకు తెలుసు. అందుకని సెలవులో వచ్చినప్పుడు ఊళ్లో ప్రైవేటు డాక్టరుకు చూపించుకుని, మందుల షాపులో ఆరు నెలల మాత్రలు కట్టించుకుని, ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచి తీసుకుపోతారు. పదేళ్లు అలా మింగుతారు. చివరి బోర్డు రోజున మొదటిసారి బీపీ కాగితానికి ఎక్కుతుంది. ఎక్కడ మొదలైంది? ఇదిగో ఈ శాంతి ప్రాంతంలో, డిశ్చార్జికి రెండు నెలల ముందు. నువ్వు సియాచిన్‌లో పడిన పాట్లు, రాత్రి కాపలాలు, వాటిలో ఒక్కటి కూడా ఆ కాగితానికి తెలియదు. తల తిరిగితే యూనిట్‌లో వైద్యం చూసే ఎంఐ రూముకు పోండి, రిజిస్టరులో రాయించండి. దెబ్బ తగిలితే ఇంజురీ రిపోర్టు పూర్తయ్యేదాకా వెంటపడండి. ఆటల్లో తగిలినా, సెలవు దారిలో తగిలినా సరే, తేదీ, చోటు, చూసినవాళ్లు ఎక్కించుకోండి.

ఇక నానా పడినవారు చేయవలసిన పని. మొదట ఆ బోర్డు కాగితం నకలు చేతికి రావాలి. అది లేకుండా ఎవరి దగ్గరికి పోయినా గాలిలో మాట్లాడినట్టే. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద, మీ సర్వీసు కాగితాలు దాచే రికార్డు ఆఫీసుకు రాయండి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు చాలు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఫిరంగి దళమైన ఆర్టిలరీవారికి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌వారికి జబల్‌పూర్, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ వారికి సికిందరాబాద్, వైద్య విభాగమైన ఏఎంసీ వారికి లక్నో. మీ మీ ఆఫీసులు మీకే బాగా తెలుసు. చేరేనాటి వైద్య పరీక్ష కాగితం కూడా అడగండి. చాలామంది చివరి కాగితమే అడిగి ఊరుకుంటారు; మన బలమంతా మొదటి కాగితంలో ఉంది, ఏ జబ్బూ లేదని డాక్టరు సంతకం పెట్టిన కాగితంలో. పింఛను లేకుండా వచ్చినవారు ఈ విషయంలో త్వరపడాలి, ఎందుకంటే అటువంటివారి సర్వీసు కాగితాలను ఇరవై ఐదేళ్ల తర్వాత ధ్వంసం చేసే నిబంధన ఉంది.

తిరస్కరణ ఉత్తరం వచ్చిన ఆరు నెలల్లో మొదటి అప్పీలు, అది పోతే రెండో అప్పీలు. అప్పీలులో మీ కష్టాలన్నీ రాయకండి. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు రాయకండి. అవి నిజమే, కానీ అక్కడ వాటికి గడి లేదు. చేరేటప్పుడు ఏ జబ్బూ రాయలేదు, జబ్బు ఫలానా సంవత్సరం ఫలానా చోట ఉండగా మొదలైంది, అక్కడ నా పని ఇది, బోర్డు కారణం చూపలేదు, 423వ పేరా ఇలా అంటోంది. ఒకటిన్నర పేజీ చాలు. ఆరు నెలలు చూసినా జవాబు రాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు పోవచ్చు. 2007 నాటి చట్టంతో, 2009 నుంచి ఈ ట్రిబ్యునళ్లు పనిచేస్తున్నాయి. మన రాష్ట్రం చెన్నై ధర్మాసనం కిందికి వస్తుంది. ఆ విషయంలో మనం అదృష్టవంతులమే, పినాకిని రైల్లో కూర్చుంటే నెల్లూరు మీదుగా మధ్యాహ్నానికి చెన్నైలో దిగుతాం. శ్రీకాకుళం సోదరుల సంగతి ఆలోచించండి.

నాకు ఇరవై ఏళ్లయింది, ఇప్పుడేం వస్తుంది అనేవారికి జవాబు: పింఛను హక్కు నెలనెలా కొత్తగా పుడుతుంది గనక కేసు వేయవచ్చు. అయితే 2008లో తర్సేమ్ సింగ్ కేసులో, ఆలస్యంగా వచ్చినవాడికి బకాయిలు కేసు వేసిన నాటికి వెనక మూడేళ్లకే అని సుప్రీంకోర్టు అంది. అంటే మీరు వాయిదా వేసే ప్రతి నెలా ఒక నెల డబ్బు వెనక నుంచి రాలిపోవచ్చు.

అమ్మలకు ఒక్క మాట. మీ ఆయన వైకల్య పింఛను రావలసి ఉండగా రాకుండా పోయి ఉంటే, ఆయన బతికున్న కాలానికి రావలసిన బకాయి అడిగే హక్కు మీకుంది. ఆయన ప్రాణం తీసినది ఆ సర్వీసు జబ్బే అయితే మీ కుటుంబ పింఛను రకమే మారవచ్చు. కాబట్టి ఆయన పెట్టెలోని ఆసుపత్రి చీటీలు, పాత పుస్తకాలు చిత్తు కాగితాలవాడికి వేయకండి. ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచిలో వేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకురండి. ఏది పనికొస్తుందో అక్కడ విడదీసుకోవచ్చు.

నా గొంతు పోతోంది, మీకు ఆకలి అవుతోంది. కాగితాలు తెచ్చుకున్నవారు భోజనాలయ్యాక ఆ కిటికీ పక్కన బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కరివి చూస్తాను. గిద్దలూరు, కంభం బస్సులు అందుకోవలసినవారు ముందు రండి. ఒంగోలువాళ్లు కాస్త ఓపిక పట్టండి. బోర్డు కాగితం నకలు ఉన్నవారు మూడో గడి ఎక్కడుందో వేలు పెట్టి పట్టుకుని రండి. అది లేనివారు తెల్ల కాగితం, పది రూపాయలు తీసుకురండి. సమాచార హక్కు దరఖాస్తు ఇక్కడే రాసి పంపుదాం.